నీ విలన్‌ని కాస్త ఆపు

చిరంజీవికి,

నీ క్రైమ్ నవల చిత్తుప్రతి పూర్తిగా చదివాను. మొదటి అధ్యాయంలోనే నీ విలన్ ముగ్గుర్ని నరికేశాడు. నాలుగో అధ్యాయానికల్లా అతనంటే భయం పోయింది, లెక్క మాత్రమే మిగిలింది. ఎందుకలా అయిందో తెలియాలంటే 1947లో వచ్చిన ‘కిస్ ఆఫ్ డెత్’ చూడు. దర్శకుడు హెన్రీ హాథవే, స్క్రీన్‌ప్లే బెన్ హెక్ట్, చార్లెస్ లెడరర్‌లది. నలుపు తెలుపు సినిమా, నిడివి గంటా నలభై నిమిషాల లోపే.

కథ నిక్ బియాంకోది. క్రిస్మస్ ముందురోజు న్యూయార్క్‌లోని క్రైస్లర్ బిల్డింగ్‌లో నగలు దోచి దొరికిపోతాడు. భార్య చనిపోయి, ఇద్దరు ఆడపిల్లలు అనాథాశ్రమం పాలయ్యాక ప్రభుత్వ న్యాయవాదికి సమాచారం ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. విలన్ టామీ యూడోగా వేసిన రిచర్డ్ విడ్‌మార్క్‌కి అదే తొలి సినిమా. ఆ ఒక్క పాత్రతోనే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు.

యూడో మొదటిసారి కనిపించేది జైల్లో. అక్కడ ఎవర్నీ చంపడు. తనంతటి వాణ్ణి చిన్న నేరానికి పట్టుకున్నారని సణుగుతాడు, అంతే. ఆ సణుగుడులోనే మనిషి మొత్తం తెలిసిపోతాడు. ఇక నవ్వు: మన తెరమీద విలన్ నవ్వితే గోడలు అదురుతాయి, యూడోది చిన్నపిల్లాడి కిచకిచ. నవ్వకూడని చోట వస్తుంది కాబట్టే వెన్ను జలదరిస్తుంది. నువ్వు ‘వికటాట్టహాసం’ అని ఏడు చోట్ల రాశావు, ఏడూ కొట్టెయ్.

ఇప్పుడు అసలు దృశ్యం. నమ్మకద్రోహి అని నిందపడ్డ రిజ్జో అనే వాణ్ణి వెతుక్కుంటూ యూడో వాళ్ళింటికి వెళ్తాడు. చక్రాల కుర్చీలో రిజ్జో తల్లి ఒక్కతే ఉంటుంది. కొడుకు తిరిగొస్తాడని అంటుంది. యూడో గదులు చూస్తాడు, వాడు పారిపోయాడని గ్రహిస్తాడు. దీపం వైరు పీకి ఆవిడను కుర్చీకి కట్టేసి, మెట్ల మీంచి తోసేస్తాడు. అడుగడుగూ గమనించు. వచ్చేటప్పుడు ఆవిణ్ణి చంపాలన్న ఆలోచన లేదు. కట్టేసిన వైరు కూడా ఆ ఇంట్లోంచే తీసుకున్నాడు. పాఠకుడు తన ఇంట్లోని వైరు వంక చూసేది ఇలాంటప్పుడే. నీ విలన్ చేతిలోని విదేశీ పిస్తోలు అంత పని చెయ్యదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, నీ చిత్తుప్రతిలో బొత్తిగా లేనిది ఇంకొకటుంది. రిజ్జో ద్రోహి కాడు. నిక్ సమాచారం ఇస్తున్నాడన్న అనుమానం రాకుండా ప్రభుత్వ న్యాయవాది వేసిన పథకంలో ఆ నింద రిజ్జో మీద పడింది. నిక్ అందులో పాలుపంచుకున్నాడు. అంటే ఆ ముసలావిడ చావులో హీరోకీ వాటా ఉంది. నీ కథలో విలన్ ఘోరాలన్నీ అతని ఖాతాలోనే పడుతున్నాయి, హీరో చేతులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ముందు దీన్నే మార్చు: మూడో హత్యకు హీరో ఆడిన అబద్ధం ఏదో ఒకటి కారణం కావాలి.

తర్వాత కోర్టు యూడోని విడిచిపెట్టేస్తుంది. అక్కణ్ణుంచి అతను కనబడకపోయినా నిక్ ఇంట్లో నిద్ర ఉండదు. నీ 12వ అధ్యాయంలో బెయిల్ మీద వచ్చినవాడు హీరోకి ఫోన్ చేసి రెండు పేజీలు బెదిరిస్తాడు. ఆ ఫోన్ తీసెయ్. హీరోని చీకట్లో కూర్చోబెట్టి వీధిలో ఆగిన కారు చప్పుడు వినిపించు. విలన్ బాల్యం గురించిన ఫ్లాష్‌బ్యాక్ కూడా వద్దు. యూడో ఎందుకలా అయ్యాడో సినిమా ఎక్కడా చెప్పదు.

ఆ సినిమాలోనూ నాకు నచ్చనిది ఒకటుంది. నిక్ బతికాడని చివర్లో అతని రెండో భార్య గొంతుతో చెప్పించడం వల్ల, అప్పటిదాకా బిగిసిన తాడు కాస్త వదులైపోయింది. నీ ముగింపులోనూ అదే పని చేసే పేరా ఉంది, 214వ పేజీలో. దాన్ని కొట్టేసి, మొదటి అధ్యాయంలోని మూడు హత్యల్లో ముందు రెంటిని తీసేసి, ఆ అధ్యాయం ఒక్కటీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.