గోడకి మేకు కొట్టొద్దన్నారు

ప్రశ్న: నమస్కారమండి. మేం ఆరుగురం చిత్రకారులం. వాడకంలో లేని పాత గోడౌన్ ఒకటి నెల రోజులకి దొరికింది. గోడలకి మేకు కొట్టకూడదు, పైకప్పు నుంచి ఏదీ వేలాడదీయకూడదు అన్నారు ఓనరు. నేల కూడా ఎగుడుదిగుడే. నెలలో మూడు ప్రదర్శనలు పెట్టుకున్నాం: ముందు పెయింటింగులు, తర్వాత చిన్న శిల్పాలు, చివర్లో వీడియో. అన్నిటికీ విప్పి మళ్లీ బిగించుకునే చెక్క స్ట్రక్చర్లు చేయిద్దామనుకుంటున్నాం. మా వడ్రంగి ఏడు రకాల ముక్కలతో డిజైన్ గీసిచ్చాడు, చూడటానికి చాలా బాగుంది. స్క్రూలు వాడాలా, బోల్టులా? ఇంకేం చూసుకోవాలి?

జవాబు: డిజైన్ బాగుందంటున్నారు కాబట్టే నాకు భయం. ఏడు రకాలంటే, రాత్రి పదింటికి ఒక ప్రదర్శన విప్పి తెల్లారేలోగా ఇంకోటి నిలబెట్టాల్సినప్పుడు "ఆ ఐదో రకం ముక్క ఎక్కడ?" అని వెతుక్కోవడమే పని. నేను నాటకాల సెట్లు కట్టే పనిలోంచి ప్రదర్శనల పనిలోకి వచ్చినవాణ్ణి. ఆ వెతుకులాటలో పోయిన రాత్రులు నాకు బాగా గుర్తు. రెండు రకాలు చాలు: ఒక పెట్టె, ఒక పలక.

పెట్టె కొలత 40 × 80 × 40 సెంటీమీటర్లు. ఇది నాకు నచ్చి చెప్పిన అంకె కాదు, ప్లైవుడ్ షీటు చెప్పిన అంకె. ఎనిమిది బై నాలుగు అడుగుల షీటంటే 2440 × 1220 మిల్లీమీటర్లు. అడ్డంగా 40 సెంటీమీటర్ల ముక్కలు మూడు, నిలువుగా ఆరు వస్తాయి. రంపం తినేసే మూడేసి మిల్లీమీటర్లు పోగా ఇంకా కాస్త మిగులుతుంది. అదే పెట్టె పడుకోబెడితే కూర్చునే ఎత్తు, నిలబెడితే శిల్పానికి పీఠం. మూడు ఒకదాని మీద ఒకటి నిలబెడితే 240 సెంటీమీటర్ల గోడ. మీ మూడు ప్రదర్శనలూ అందులోనే ఉన్నాయి. 18 మిల్లీమీటర్ల ప్లైతో, వెనక చెక్క కూడా కలుపుకుని, ఒక్కో పెట్టె 14 కిలోల దాకా తూగుతుంది. ఒక్కరు ఎత్తగలరు. ఇంతకన్నా పెద్దది చేయిస్తే ప్రతి కదలికకీ ఇద్దరు కావాలి.

ఇక్కడ నా పరువు తీసే సంగతి ఒకటి చెప్పాలి. మొదటిసారి నేను ఇలాంటి పెట్టెలు చేయించినప్పుడు, 40 × 80 అని కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోయాను. అది లోపలి కొలతో బయటి కొలతో రాయలేదు. లోపలి కొలతగా తీసుకుని చేశారు. రెండు వైపులా 18 మిల్లీమీటర్ల చెక్క కలిసి బయట 43.6 × 83.6 అయింది. రెండు పెట్టెలు పక్కపక్కన నిలబెడితే 87.2 రావాలి, వచ్చింది కూడా. వాటి మీద అడ్డంగా పడుకోబెట్టిన పెట్టె మాత్రం 83.6. అంచులు కలవకుండా 3.6 సెంటీమీటర్ల మెట్టు. ఒక్కచోటైతే ఎవరూ చూడరు. వరసగా పేర్చేసరికి గోడంతా పళ్లు ఊడిన దువ్వెనలా తయారైంది. తప్పు పెట్టెలు చేసినవాళ్లది కాదు, కొలత రాసిచ్చిన నాది. కాగితం మీద "బయటి కొలత" అని పెద్ద అక్షరాలతో రాయండి.

ఇక మీ అసలు ప్రశ్న. స్క్రూలు వద్దు. ప్లైవుడ్‌లో అదే కన్నంలో స్క్రూని నాలుగైదుసార్లు విప్పి బిగిస్తే పట్టు పోతుంది, తిరుగుతూనే ఉంటుంది. పెట్టె కట్టడానికి స్క్రూలూ జిగురూ వాడుకోండి, ఎందుకంటే దాన్ని మళ్లీ విప్పరు. పెట్టెకీ పెట్టెకీ మధ్య మాత్రం 8 మిల్లీమీటర్ల బోల్టు, రెండు వైపులా వెడల్పాటి వాషరు, నట్టు. 13 నంబరు స్పానర్లు రెండుంటే గోడౌన్ మొత్తం విప్పొచ్చు. కన్నం 9 మిల్లీమీటర్లది వేయించండి, ఆ ఒక్క మిల్లీమీటరు వదులే రాత్రిపూట మిమ్మల్ని కాపాడేది.

కన్నాలు ఎక్కడ వేయాలన్నది ఇంకా ముఖ్యం. అంచు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర మొదటిది, అక్కడి నుంచి ప్రతి 20కి ఒకటి. అంటే 40 సెంటీమీటర్ల వైపు 10, 30 దగ్గర; 80 వైపు 10, 30, 50, 70 దగ్గర. ఎటు నుంచి కొలిచినా అవే అంకెలు. అందుకే పెట్టెని తలకిందులు చేసినా, పక్కకి తిప్పినా కన్నం ఎదుటికి కన్నమే వస్తుంది. అయితే ప్రతి పెట్టెకీ విడిగా టేపు పెట్టి కొలవనివ్వకండి. అదే కొలతలో ఒక గట్టి చెక్క పలకకి కన్నాలు వేయించి, దాన్ని ప్రతి పెట్టె మీదా మూలకి ఆనించి, దాని కన్నాల్లోంచే డ్రిల్ దించాలి. అప్పుడు తప్పు జరిగినా అన్నిటికీ ఒకే తప్పు జరుగుతుంది, పెట్టెలు మాత్రం కలుస్తాయి. మా దగ్గరైతే ఆ పలకని ఎవరూ ముట్టుకోకుండా పైన మేకుకి తగిలించి ఉంచుతాం.

ఇక రెండో రకం ముక్క, పలక. 80 × 120 సెంటీమీటర్లు, 12 మిల్లీమీటర్ల ప్లై చాలు, షీటుకి మూడు వస్తాయి. కన్నాలు అదే లెక్కలో. పెద్ద పెయింటింగు ఉన్నచోట పెట్టెల గోడకి పలక బిగించి దాని మీద తగిలించుకోండి. చిత్రం మధ్యభాగం నేల నుంచి 145–155 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడ్డవాళ్ల కంటికి సరిపోతుంది.

పెట్టెల గోడని తిన్నగా లైనులా కట్టకండి, తోస్తే పడిపోతుంది. ఎల్ ఆకారంలోనో మెలికలుగానో తిప్పండి. అడుగు వరస పెట్టెల్లో ఇసుక బస్తాలు పెట్టండి. దారి ఎక్కడా 120 సెంటీమీటర్లకి తగ్గకూడదు, చక్రాల కుర్చీ వెనక్కి తిరగాల్సిన చోట 150 వదలాలి. బయటికెళ్లే తలుపు ముందు ఏదీ పెట్టకూడదని వేరే చెప్పాలా, చెక్క కదా. ఎగుడుదిగుడు నేలకి కంగారు పడొద్దు. అడుగు వరసని మాత్రం పలచటి చెక్క ముక్కలు దోపి రసమట్టంతో సరిచేయండి. అది సమంగా ఉంటే పైవరసలు వాటంతట అవే కూర్చుంటాయి.

ముక్కల మీద నంబర్లు వేద్దామా అని ఎవరో ఒకరు అడుగుతారు. వేయొద్దు. నంబరు చూసి పెట్టాల్సి వస్తోందంటే ఎక్కడో కొలత తేడా కొట్టినట్టు. అది సరిచేయించండి.

ప్రశ్న: ఇలాంటి చెక్క పెట్టె లోపలే, అద్దం బిగించి, కాగితం మీద వేసిన పాత బొమ్మలు పెట్టొచ్చా? — ఇంకో పాఠకురాలు

జవాబు: మూసిన పెట్టెలో వద్దు. చెక్క నుంచి ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, ఓక్ లాంటి కలపలో మరీ ఎక్కువ. ప్లైవుడ్ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్. కొత్త పెట్టె తెరిస్తే ముక్కుకి ఘాటుగా తగిలేది ఆ జిగురే. కాగితానికీ, సీసం ఉన్న వస్తువులకీ అవి మంచివి కావు. తప్పదనుకుంటే చెక్కకి బొమ్మకి మధ్య ఆమ్లం లేని అట్ట పెట్టి, గాలి ఆడేలా ఒక వైపు తెరిచి ఉంచండి. పెట్టెలు ముందే చేయించి కొన్ని వారాలు గాలికి వదిలేయండి. వెలుతురు 50 లక్స్ దాటనివ్వకండి. మొదట చీకటిగా అనిపిస్తుంది గానీ కాసేపట్లో కళ్లు అలవాటు పడతాయి.

ప్రశ్న: ఇలా గోడలు వదిలేసి, విప్పి బిగించే వాటి మీద ప్రదర్శన పెట్టడం ఈమధ్య వచ్చిన ఫ్యాషనే కదా? — ఆర్ట్ విద్యార్థి

జవాబు: కాదు నాయనా. 1924లో వియన్నాలో నాటక రంగం మీద జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకి ఫ్రెడరిక్ కీస్లర్ అనే ఆర్కిటెక్టు గోడల్ని వదిలేసి, హాలు మధ్యలో నిలబడే చెక్క చట్రాలు కట్టాడు. విప్పి బిగించుకోవచ్చు, చూసేవాళ్లు బొమ్మని తమ కంటి ఎత్తుకి జరుపుకోవచ్చు. 1942లో న్యూయార్క్‌లో కళాఖండాలు సేకరించే పెగ్గీ గుగ్గెన్‌హైమ్ గ్యాలరీకి డిజైన్ చేసిందీ ఆయనే. అంతకుముందు అది దర్జీ దుకాణాలు నడిచిన చోటు. అక్కడి కుర్చీల్ని తిప్పితే శిల్పాల పీఠాలయ్యేవి. వాటిని 18 రకాలుగా వాడొచ్చని ఆయన లెక్క. 1968లో బ్రెజిల్‌లోని సావో పాలో మ్యూజియంలో లీనా బో బార్డీ అనే ఆర్కిటెక్టు గోడలే లేకుండా, కాంక్రీటు దిమ్మలో అద్దం నిలబెట్టి బొమ్మలు తగిలించింది. ఆ అద్దం కదలకుండా పక్కన బిగించింది ఒక చెక్క ముక్కే.