128 జీబీ కార్డు 119 చూపిస్తే కేసు వేయవచ్చా?

ప్రశ్న: తెనాలిలో పెళ్లి ఫొటోలు తీసి బతుకుతున్నాను. షాపులో కొన్న 128 జీబీ మెమరీ కార్డు కంప్యూటర్‌లో 119 జీబీయే చూపిస్తోంది. ఆన్‌లైన్‌లో 600 రూపాయలకు తెప్పించిన 1 టీబీ కార్డులో ఒక పెళ్లి ఫొటోలు సగం తెరుచుకోవడం లేదు. ఇద్దరి మీదా కేసు వేయవచ్చా?

జవాబు: షాపు మీద వద్దండి, నిలవదు. కంపెనీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు, విండోస్ మాత్రం 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక జీబీగా లెక్కేస్తుంది కాబట్టి అదే 128 అక్కడ 119 అవుతుంది. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఈ సంగతి మామూలుగా రాసే ఉంటుంది. అమెరికాలో శాన్‌డిస్క్ పెన్‌డ్రైవ్‌ల మీద ఇదే వాదనతో వేసిన కేసును కోర్టు కొట్టేసింది.

రెండోదాన్ని మాత్రం వదలొద్దు. ఇలాంటి నకిలీ కార్డుల్లో అసలు చోటు ఏ 32 జీబీయో 64 జీబీయో ఉంటుంది, 1 టీబీ అని చూపించేలా లోపలి చిప్‌ను మార్చేస్తారు. కాపీ అవుతున్నట్టే కనిపిస్తుంది, కానీ చోటు నిండాక వచ్చిన ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, లేదంటే పేరు మిగిలి లోపల ఏమీ ఉండదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది అనుచిత వ్యాపార పద్ధతే.

దయచేసి ఆ కార్డును ఫార్మాట్ చేయకండి. కెపాసిటీ టెస్ట్ చేసే సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడే నడపొద్దు, అది కార్డు నిండా డేటా రాస్తుంది కాబట్టి మిగిలిన ఫొటోలూ పోతాయి. తెరుచుకున్నవి కాపీ చేసుకుని కార్డు, ప్యాకెట్, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి. అవసరమైతే కేసు వినే వినియోగదారుల కమిషనే కార్డును ల్యాబ్‌కు పంపిస్తుంది.

‘వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారుడే కాదు’ అని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. భయపడకండి, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవాళ్లు చట్టం దృష్టిలో వినియోగదారులే. పదిమందిని పెట్టుకుని స్టూడియో నడిపేవారైతే ఇంత ధీమాగా చెప్పలేను.

ముందు ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, అమ్మినవారి అడ్రసు కూడా అడగండి, ఇవ్వాల్సిందే. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, ఆపైన గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. కొన్న వస్తువు 5 లక్షల లోపుది కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు.

కార్డు డబ్బు రాబట్టడం తేలికే, పోయిన పెళ్లి ఫొటోలకు పరిహారమే కష్టం. బుకింగ్ అడ్వాన్సు రసీదు, ఆ పెళ్లివాళ్లు మిమ్మల్ని నిలదీసిన వాట్సాప్ మెసేజ్‌లు, వాళ్లకు డబ్బు వెనక్కిచ్చి ఉంటే ఆ ఫోన్‌పే వివరాలు ఫిర్యాదుతో పాటే జతచేయండి.