రాయి తగిలిన డిస్క్ మోవర్: బాగు చేయించాలా, అప్పు చేసి కొత్తది కొనాలా?

ప్రశ్న: సొంత పొలంలోనూ, కిరాయికి ఇతరుల పొలాల్లోనూ డిస్క్ మోవర్‌తో (బ్లేడ్లున్న డిస్కులు తిరుగుతూ గడ్డి కోసే ట్రాక్టర్ యంత్రం) గడ్డి కోస్తుంటాను. ఈమధ్య ఒక కిరాయి పొలంలో గడ్డి చాటున ఉన్న రాయి తగిలి రెండు డిస్కులు వంగాయి. డిస్కుల కింద ఉండే పొడవాటి పెట్టె, అంటే కట్టర్ బార్ లోపల గేర్లు చప్పుడు చేస్తున్నాయి. రిపేరుకు కొత్త యంత్రం ధరలో 30 శాతం అవుతుందన్నారు. పాతది ఇస్తే 20 శాతం తగ్గించి, మిగతా సొమ్ముకు 12 శాతం వడ్డీతో 5 ఏళ్ల నెలవారీ వాయిదాల మీద కొత్తది ఇస్తామంటున్నారు. రిపేరుకు సరిపడా డబ్బు నా అత్యవసర నిధిలో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కట్టర్ బార్ పెట్టె వంగకుండా, పగలకుండా ఉంటే బాగు చేయించండి. కొత్త యంత్రం ధర 100 అనుకుందాం. మీరు 80 అప్పు చేయాలి. 12 శాతం వడ్డీకి 5 ఏళ్ల వాయిదాల్లో వడ్డీయే సుమారు 27 అవుతుంది. అంటే దాదాపు రిపేరుకు అయ్యేంత సొమ్ము వడ్డీ కిందే కట్టి, అసలు 80 విడిగా తీర్చాలి. పైగా ఆ కొత్త యంత్రం కూడా అవే పొలాల్లోకి, అవే రాళ్ల మీదికి వెళ్తుంది. చాలా వారంటీలు ఇలాంటి దెబ్బలకు వర్తించవు.

అయితే ఆ 30 శాతం అంచనా బార్ విప్పి చూశాక చెప్పిందా, బయటి నుంచి చెప్పిందా? ముందు ఇది తేల్చుకోండి. ఒకే పెట్టెలో గేర్లన్నీ నూనెలో తిరిగే రకమైతే, విరిగిన ఒక్క పన్ను ముక్క నూనెతో పాటు తిరిగి మిగతా గేర్లనూ బేరింగులనూ పాడుచేస్తుంది. నూనె తీయించి, మీ కళ్లముందే లోహపు రజను ఉందేమో చూపించమనండి. అప్పటిదాకా ఆ బార్‌ను ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు. డిస్కుకో విడి గేర్‌బాక్సు ఉండే రకమైతే దెబ్బతిన్నవే మార్చుకోవచ్చు, ఖర్చు తగ్గే అవకాశం ఉంది. బార్ పెట్టె కూడా వంగిందని తేలి, అంచనా 50 శాతం దాటితే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు దీన్ని ఉన్నది ఉన్నట్టు అమ్మేసి, మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ యంత్రం చూడండి.

నిధి విషయం. అది మీ ఇంటి కోసం దాచుకున్న డబ్బు. రిపేరు తర్వాత కూడా కనీసం మూడు నెలల ఇంటి ఖర్చులు అందులో మిగిలితే నిశ్చింతగా వాడండి. మిగలకపోతే సగం నిధి నుంచి తీసుకుని, మిగతా సగానికి ఒక్క కోత సీజన్‌లో తీరిపోయే చిన్న అప్పు తీసుకోండి.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది రేపటి దెబ్బ. నిమిషానికి సుమారు 3,000 సార్లు తిరిగే డిస్కు రాయిని తాకితే ఆ అదురు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అందుకే చాలా యంత్రాల్లో డిస్కు కింద షియర్ హబ్బో, షియర్ బోల్టో ఉంటుంది. ఇంట్లో ఫ్యూజు కాలిపోయి మిగతా సామాన్లను కాపాడినట్టు, అది తాను తెగి గేర్లను కాపాడుతుంది. మీ యంత్రంలో అది ఉండి కూడా గేర్లు దెబ్బతిన్నాయంటే, ఎవరైనా దాని స్థానంలో గట్టి బోల్టు బిగించారేమో మెకానిక్‌ను గట్టిగా అడగండి. చవకగా పోవాల్సిన దెబ్బ గేర్ల దాకా వెళ్లేది ఇలాంటి పొదుపు వల్లే. అసలు ఆ ఏర్పాటే లేకపోతే, మీ మోడల్‌కు అమర్చే వీలుందేమో బార్ విప్పి ఉన్నప్పుడే కనుక్కోండి, కూలి మళ్లీ పడదు. అడ్డు తగిలితే బార్ మొత్తం వెనక్కి తప్పుకునే బ్రేక్‌అవే ఉంటే, దాని కీలు తుప్పు పట్టి బిగుసుకుందేమో చూడండి. బ్లేడు ఒకటి విరిగితే ఆ డిస్కుకు ఉన్నవన్నీ మార్చాలి, లేకపోతే బరువు తేడాతో వచ్చే వణుకు బేరింగును తినేస్తుంది. బార్ ముందుకు మరీ వంగి ఉంటే బ్లేడ్లు నేలలోని రాళ్లను అందుకుంటాయి. ఆ వంపు తగ్గించి, కోత ఎత్తు కొంచెం పెంచండి. కాస్త గడ్డి మోడు మీద మిగిలినా నష్టం లేదు.

కిరాయి రేటు కూడా సరిచేయాలి. గత మూడేళ్లలో మోవర్ రిపేర్లకు పెట్టిందంతా కూడి, కోసిన ఎకరాలతో భాగించండి. ఆ మొత్తం మీ ఎకరా రేటులో ఉందా? లేకపోతే రిపేరు ఖర్చు మీ ఇల్లు భరిస్తున్నట్టే. రేటులో దాన్ని కలిపి, కోసిన రోజే వేరే ఖాతాలో వేయండి. కొత్త పొలానికి వెళ్లేముందు యజమానితో కలిసి నడిచి, రాళ్లకూ ఇనుప ముక్కలకూ మొద్దులకూ జెండాలు పాతించండి. చెప్పకుండా దాచిన అడ్డు తగిలితే ఖర్చు ఎవరిదో కోతకు ముందే కాగితం మీద రాసుకోండి. బీమా ఉంటే, బయటి వస్తువు తగలడం వల్ల యంత్రంలో కలిగే నష్టాన్ని మినహాయించారేమో పాలసీలో ఆ వాక్యం వెతికి చదవండి. మినహాయించి ఉంటే, అదనపు ప్రీమియంతో చేర్చుకునే వీలుందేమో అడగండి.

రిపేరు డబ్బు చెల్లించే రోజే రెండు డిస్కులకు సరిపడా షియర్ భాగాలు, ఒక జత బ్లేడ్లు, వాటి బోల్టులు కొని ట్రాక్టర్ పెట్టెలో పెట్టుకోండి. వాన ముంచుకొస్తున్నప్పుడు ఒక్క బోల్టు కోసం కోత ఆగితే, పోయే కిరాయి ముందు వాటి ధర ఏపాటిది?