అనంతగిరికి రానూపోనూ 140 కిలోమీటర్లు, నేను వెనకబడిపోతే?

ప్రశ్న: అన్నా, నాకు 43 ఏళ్లు. రెండేళ్ల నుంచి పొద్దున్నే సైకిల్ తొక్కుతున్నా కానీ ఎప్పుడూ 40 కిలోమీటర్లు దాటలేదు. వచ్చే నెల మా గ్రూపు చేవెళ్ల మీదుగా అనంతగిరి వెళ్తోంది, రానూపోనూ 140. అందరూ నాకంటే చిన్నవాళ్లు, స్పీడుగా పోతారు. నా కోసం ఆగాల్సి వస్తుందేమోనని ఇంకా పేరివ్వలేదు. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: వెళ్లండమ్మా, ఇవాళే పేరిచ్చేయండి. బ్రెవే అని 200 కిలోమీటర్ల రైడ్లు పెడతారు కదా, వాటికిచ్చే టైమే 13న్నర గంటలు, టిఫిను, టీ, పంక్చర్లు అన్నీ అందులోనే, అంటే గంటకి 15 పడితే చాలు. ఈలోపు ఒక ఆదివారం 60, ఇంకో ఆదివారం 90 తొక్కండి, కాళ్లకి అలవాటవుతుంది.

అసలు దెబ్బకొట్టేది కడుపు. ఇదే దారిలో నా మొదటి లాంగ్ రైడ్, ఆకలేయట్లేదు కదా అని ఏమీ తినలేదు, పైగా ముందువాళ్లని ఆగమనడానికి మొహమాటం, మన్నెగూడ దాటాక ఉన్నట్టుండి చేతులు వణికాయి, కళ్లు బైర్లు కమ్మాయి, దిగి కందిచేను గట్టు మీద కూలబడ్డా. చేన్లో పనిచేసుకుంటున్న ఒక పెద్దమ్మ వచ్చి సద్ది విప్పి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు చేతిలో పెట్టి "ఉత్త కడుపుతోని గట్లెట్ల తొక్కుతవ్ బిడ్డా" అంది. ఆ రొట్టె తిని అరగంట కూర్చుంటే మళ్లీ తొక్కగలిగాను. ఒంట్లో దాచుకున్న చక్కెర గట్టిగా తొక్కితే రెండు గంటలకే అడుగంటుతుంది, అందుకని ఆకలి కోసం చూడకుండా ముప్పావుగంటకోసారి అరటిపండో పల్లీపట్టీయో తినేయండి, నీళ్లు గుక్కగుక్కగా తాగుతూనే ఉండండి, రెండు బాటిళ్లలో ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలుపుకోండి.

గ్రూపులో మధ్యలో ఉండండి, ముందువాళ్లు గాలిని కోసుకుంటూ పోతారు కాబట్టి మీకు శ్రమ బాగా తగ్గుతుంది, కాకపోతే మీ ముందు చక్రం వాళ్ల వెనక చక్రం పక్కకి పోనివ్వకండి, వాళ్లు కాస్త జరిగినా పడేది మీరే. ఆయాసం మొదలవగానే "కొంచెం తగ్గించండి" అని అరవండి, పూర్తిగా వెనకబడ్డాక అరిస్తే ఎవరికీ వినపడదు. చివర్లో ఎవరుంటారో ముందే అడగండి. అందరికంటే వెనక వచ్చేవాళ్లతో పాటు ఒకరు ఉండాల్సిందే, అలా ఎవరూ ఉండరంటే ఆ గ్రూపుతో నేనైతే పంపను.

మొయినాబాద్ దాటాక రోడ్డుకి రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు, వాటిని కొట్టేయొద్దని జనం ఏళ్లతరబడి కొట్లాడారు, వాటి నీడలో కాసేపు ఆగండి. సైకిల్ పక్కన పెట్టేటప్పుడు మాత్రం తుమ్మముళ్లు చూసుకోండి. పంక్చరైతే కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడమండి, ముల్లు మొన బయటికి కనపడదు, వేలికి గరుగ్గా తగులుతుంది, అది తియ్యకపోతే రెండో ట్యూబ్ కూడా పోతుంది. ఘాట్ మొదలయ్యేముందే గేరు తగ్గించుకోండి, ఎక్కుతూ మారిస్తే చెయిన్ ఊడొచ్చు.

బయల్దేరేది చీకట్లోనే కాబట్టి వెనక ఎర్ర లైటుకి ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టేయండి.