కౌబాయ్ బీబాప్ పాతబడలేదు, టీవీ సెట్టింగ్ మార్చి చూడండి

కొత్త టీవీలో జపాన్ యానిమేషన్ (అనిమే) సిరీస్ కౌబాయ్ బీబాప్ పెడితే మనుషులు లావుగా, కదలికలు జారుతున్నట్టు కనిపిస్తున్నాయన్నారు కదండీ, లోపం అనిమేది కాదు. 1998 నాటి ఆ సిరీస్ పాత టీవీల 4:3 తెరకు (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) తీసింది. పిక్చర్ సైజ్ 4:3కి మార్చండి, పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. కదలికల్ని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ అనే సెట్టింగ్‌ను పూర్తిగా ఆపేయండి, అసలు చిక్కు అక్కడే ఉంది. అనిమేలో సెకనుకు 24 ఫ్రేములున్నా ఒక్కో బొమ్మను తరచుగా రెండు మూడు ఫ్రేముల పాటు అలాగే ఉంచుతారు. గుద్దుకి ఆ ఊపు, బరువు వచ్చేది అందువల్లే. ఆ సెట్టింగ్ వల్ల టీవీ, లేని ఫ్రేముల్ని మధ్యమధ్యలో పుట్టించి దాన్ని చెరిపేస్తోంది. తర్వాత ఐదో ఎపిసోడ్‌లో చర్చి కాల్పుల సీన్ చూడండి. చేత్తో గీసిన ఆ బొమ్మలు, యోకో కన్నో సంగీతం నన్ను ఇప్పటికీ కట్టిపడేస్తాయి. అప్పటికీ జారుతున్నట్టుంటే టీవీ మోడల్ చెప్పండి, ఆ ఆప్షన్ ఎక్కడుందో వెతుకుదాం.