ఆఫీసులో ఆటోమేటిక్ బ్లైండ్స్ (ఎండను బట్టి వాటంతట అవే లేచి దిగే కిటికీ తెరలు) పెడితే కరెంటు నిజంగా ఆదా అవుతుందా?

అవుతుంది, కానీ బ్లైండ్స్, లైట్లు ఒకదాన్ని చూసి ఒకటి పనిచేస్తేనే. అద్దంలోంచి వచ్చే ఎండ వెలుతురుతో పాటు వేడినీ తెస్తుంది; ఆ వేడిని బయటికి తోడాల్సింది ఏసీ. మన చెన్నైలో పడమటి కిటికీనే తీసుకోండి. పొద్దున అక్కడ నేరుగా ఎండ పడదు. బ్లైండ్స్ పైకి లేస్తాయి, వెలుతురును కొలిచే సెన్సర్ కిటికీ పక్క లైట్లను తగ్గిస్తుంది. మధ్యాహ్నం 3 దాటాక ఎండ ఏటవాలుగా లోపలికి దూరుతుంది, దాన్ని సజ్జ కూడా సరిగా ఆపలేదు. అప్పుడు బ్లైండ్స్ దిగుతాయి, లైట్లు కావలసినంతే పెరుగుతాయి.

రోజంతా మూసేస్తే ఇంకా ఆదా అని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే పట్టపగలే లైట్లు వెలగాలి, వాటి వేడి కూడా ఏసీ మీదే పడుతుంది. పైగా అద్దం దాటి లోపలి బ్లైండ్స్ దాకా వచ్చిన వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది. వరండాకు కట్టే వెదురు తెరలా అద్దానికి బయట ఉండే నీడే ఇంతకన్నా మేలు.