ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్: ఎందుకన్నది ముందు, ఎక్కడన్నది తర్వాత

అమలాపురం ప్రాంతానికి చెందిన ఒక సోదరి హ్యూస్టన్ నుంచి రాశారు. విజయవాడలో ఐదేళ్ల బి.ఆర్క్. పూర్తిచేసి, రాజమండ్రిలో ఒక ఆర్కిటెక్టు దగ్గర రెండేళ్లు పనిచేసి, పెళ్లయ్యాక భర్తతోపాటు హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలయిందట. ఆర్కిటెక్చర్‌లోనే మాస్టర్స్ చేయాలని ఉన్నా, తెలిసిన తెలుగువాళ్లంతా డేటా సైన్సో, సాఫ్ట్‌వేర్ టెస్టింగో నేర్చుకొమ్మని సలహా ఇస్తున్నారట. దరఖాస్తుతో పంపవలసిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, మూడుసార్లు రాసి మూడుసార్లూ పక్కన పడేశారట. "ఏం రాసినా నాకే అబద్ధంలా అనిపిస్తోందండి" అన్న మాటతో ఆమె ఉత్తరం ముగిసింది. నా జవాబు కూడా ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

అమ్మా, ఆ అబద్ధం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, నేనూ 1998లో అదే రాశాను. చిన్ననాటి నుంచి కట్టడాలంటే మక్కువ అని, మీ విశ్వవిద్యాలయానికి ఘనమైన సంప్రదాయం ఉందని, చదువు పూర్తయ్యాక సమాజానికి సేవ చేస్తానని రాసి ఐదు చోట్లకు పంపితే ఐదు చోట్ల నుంచీ వద్దన్నారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చే పిల్లల వ్యాసాల్లో మరొకటి కూడా తరచుగా కనిపిస్తుంది, అది కాటన్ దొర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికావడం మన తాతముత్తాతల బతుకులనే మార్చిందన్నది నిజమే గానీ, ఆనకట్ట కట్టినాయన ఇంజినీరు, మీరు చదవబోయేది మనుషులు కాపురముండే ఇళ్ల గురించి. ఆయన విగ్రహానికి దండవేసి మొదలుపెట్టిన వ్యాసంలో ఆయనే కనిపిస్తారు తప్ప మీరు కనిపించరు.

ఎందుకు చదవాలనుకుంటున్నారని అడిగేవాళ్లు మీ ఇష్టాన్ని కొలవడం లేదు. పని చేస్తుండగా మీకు ఎదురై, మీ ఆఫీసులో ఎవరూ జవాబు చెప్పలేక వదిలేసిన ప్రశ్న ఏదైనా ఉందా అన్నది వాళ్లకు కావాలి. నా ప్రశ్న ఏమిటో చెబితే మీ ప్రశ్నను వెతుక్కోవడం తేలిక కావచ్చు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

రాజోలు దగ్గర మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. టేకు స్తంభాలు, నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన పెంకుల కప్పు, నడిమధ్య ఆకాశం కనబడే మండువా, అందులో పడిన వాననీరు పెరట్లోకి పోవడానికి గోడ అడుగున ఒక తూము. 1986 ఆగస్టు వరదలో ఏటిగట్టు తెగి నీళ్లు వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. వాననీటిని బయటికి పంపే తూము నుంచే ఏటినీరు లోపలికి రావడం అటక మీద కూర్చుని లాంతరు వెలుగులో చూశాను. నీళ్లు తీశాక చూస్తే ఉత్తరం వైపు మట్టిగోడలు నాని కూలి ఉన్నాయి గానీ కప్పు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటే దాని బరువు గోడల మీద కాదు, రాతిదిమ్మెల మీద నిలబెట్టిన స్తంభాల మీద ఉంది. నెలరోజుల్లో ఆ స్తంభాల మధ్య మళ్లీ గోడలు పెట్టుకున్నారు. పక్కింటివాళ్ల కొత్త డాబాకు గోడలు కూలలేదు, కానీ ఒక మూల పునాది కింద మన్ను కొట్టుకుపోయి గోడకు నెర్ర విచ్చింది. ఎన్నిసార్లు సిమెంటుతో పూడ్చినా అది మళ్లీ విచ్చుకొనేది.

పాత ఇళ్లే మేలనడానికి ఇది చెప్పడం లేదు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమైన రాత్రి, మా లోగిలి పెంకులు సగానికి పైగా లేచిపోయాయి, ఇంటిల్లిపాదీ వెళ్లి తలదాచుకున్నది ఆ నెర్ర విచ్చిన డాబాలోనే. వరదకు నిలిచిన ఇల్లు గాలికి నిలవలేదు, గాలికి నిలిచిన ఇల్లు వరదకు దెబ్బతింది. ఈ రెండింటికీ తట్టుకొనే ఇంటిని, ఆ నేల మీద, ఒక మధ్యతరగతి రైతు పెట్టుకోగల ఖర్చులో ఎలా కట్టాలన్నది నాకు బి.ఆర్క్.లో ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాది పంపిన వ్యాసంలో ఇది మాత్రమే రాశాను, అదీ పేజీన్నర. రెండు చోట్ల సీటు వచ్చింది.

మీ ప్రశ్న మరొకటి అయివుంటుంది. రాజమండ్రిలో పనిచేసిన రెండేళ్లలో మీరు వేసిన ప్లానుల్లో సగమైనా రోడ్డుకన్నా పల్లంలో ఉన్న స్థలాలకే అయివుంటాయి. పక్కన గుంట తవ్వి, ఆ మన్నుతో స్థలాన్ని మెరక చేయించి, ఆ మెరక కుదురుకోకముందే స్లాబు వేయించిన ఇల్లు ఒకటైనా మీ చేతుల మీదుగా వెళ్లే ఉంటుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో పదిహేనేళ్లకే స్లాబు అడుగు పెచ్చులూడి తుప్పుపట్టిన కమ్మీ బయటపడడం చూసే ఉంటారు. రొయ్యల చెరువుల పక్క ఇళ్లలో గోడలకు ఉప్పు పొంగడం గురించి యజమాని అడిగితే మేస్త్రీ వైపు చూసి ఊరుకున్న సందర్భం కూడా ఉండవచ్చు. అలా ఊరుకున్న చోటును వెతకండి.

ఇక మీరున్న ఊరు. హ్యూస్టన్ మీకు పరాయి ఊరుగా కనిపిస్తోందని రాశారు గానీ, డెల్టాలో పుట్టినవాళ్లకు ఇంతకన్నా చదువుకోదగ్గ ఊరు అమెరికాలో అరుదు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను ఊరిని ముంచాక, 2018 నుంచి వరద ముంపు ప్రాంతాల్లో కొత్త కట్టడాల అరుగును 500 ఏళ్ల వరద మట్టానికి రెండడుగుల పైన ఉంచాలని నగరం నిబంధన తెచ్చింది. 500 ఏళ్ల వరద అంటే 500 ఏళ్లకొకసారి వచ్చేదని కాదు, ఏ ఏడాదైనా రావడానికి 0.2 శాతం అవకాశం ఉన్నదని. ఇక్కడి బంకమన్ను కూడా ఎండకు ముడుచుకొని వానకు ఉబ్బుతుంది, ఇళ్ల పునాది స్లాబులు నెర్రెలు తీస్తాయి. మీ పేటలోనే పాత ఇంటిని జాకీలతో పైకెత్తి కొత్త దిమ్మెల మీద కూర్చోబెట్టడం ఏదో ఒకరోజు మీ కంట పడుతుంది. అప్పుడు ఆగి చూడండి, వీలైతే ఫొటో తీసుకోండి.

ఎందుకన్నది ఇంతగా పట్టుకు వేలాడడానికి నా స్వానుభవం మరొకటి కారణం. నేను చేరిన మాస్టర్స్ మూడు సెమిస్టర్లది, బి.ఆర్క్. ఉన్నవాళ్ల కోసం పెట్టిన పోస్ట్-ప్రొఫెషనల్ కోర్సు. నా ప్రశ్నకు అది సరిగ్గానే సరిపోయింది. కానీ నాకు లైసెన్సు కూడా కావాలన్న సంగతి చేరేముందు నన్ను నేను అడుగలేదు, సీటిచ్చిన కళాశాలలో ఎవరూ చెప్పలేదు. అమెరికాలో లైసెన్సిచ్చేది రాష్ట్రాలు. ఎక్కువ రాష్ట్రాలు ఆర్కిటెక్చర్ కోర్సులను పరిశీలించే నాబ్ అనే సంస్థ గుర్తింపు ఉన్న ప్రొఫెషనల్ డిగ్రీని అడుగుతాయి. మన బి.ఆర్క్.కు ఆ గుర్తింపు లేదు, పోస్ట్-ప్రొఫెషనల్ డిగ్రీలకు నాబ్ అసలు గుర్తింపే ఇవ్వదు. అందువల్ల ఇండియాలో చదివిన ప్రతి సబ్జెక్టునూ ఈసా అనే మూల్యాంకనానికి పంపి, తక్కువపడ్డాయన్న కోర్సులను ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం క్లాసుల్లో చదివి, గట్టెక్కేసరికి నాలుగేళ్లు పట్టింది. అన్నాళ్లూ నా విజిటింగ్ కార్డు మీద ఆర్కిటెక్ట్ అన్న మాట వేసుకోవడానికి చట్టం ఒప్పుకోలేదు, డిజైనర్ అనే వేసుకున్నాను.

కాబట్టి ఇక్కడే స్థిరపడి సొంత సంతకంతో డ్రాయింగులు ఇవ్వాలన్నది మీ కోరిక అయితే, నాబ్ గుర్తింపు ఉన్న ప్రొఫెషనల్ ఎం.ఆర్క్. తీసుకోండి. మీ ఊళ్లో రైస్‌లోనూ, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లోనూ అది ఉంది. వేరే డిగ్రీ నుంచి వచ్చేవాళ్లకు మూడు, మూడున్నరేళ్లు పట్టే ఈ కోర్సులో బి.ఆర్క్. ఉన్నవాళ్లకు కొన్ని సెమిస్టర్లు తగ్గించే అవకాశం ఉంటుంది. దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా అడగండి. డిగ్రీ తర్వాత కూడా 3,740 గంటల అనుభవం, ఆరు భాగాల ఏఆర్ఈ అనే లైసెన్సు పరీక్ష మిగిలే ఉంటాయి. అలా కాక మీకు కావలసింది ప్రశ్నకు జవాబు మాత్రమే అయితే, లేదా కొన్నేళ్లకు తిరిగి వెళ్లి భీమవరంలోనో కాకినాడలోనో ఆఫీసు పెట్టుకోవాలని ఉంటే, పొట్టి కోర్సు చాలు, డబ్బూ మిగులుతుంది.

హెచ్-4 మీద పూర్తికాలం చదువుకోవచ్చు, అందుకోసం వీసా మార్చుకోనక్కరలేదు. అయితే ఆ వీసా మీద ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకొనే అనుమతి, రాదు, పని అనుమతి లేకుండా జీతమిచ్చే అసిస్టెంట్‌షిప్ చేయడానికీ వీల్లేదు. మీవారికి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, మంజూరయితే మీరు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే ఏడాది ఓపీటీ వస్తుంది, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోడు కింద ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి. ఏది మేలన్నది మీవారి గ్రీన్‌కార్డు వ్యవహారం ఎక్కడుందో చూసుకొని ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం, ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఒక గంట ఫీజిచ్చినా దండగ కాదు.

డేటా సైన్సు నేర్చుకోమన్నవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల లెక్క వాళ్లది. ఆర్కిటెక్చర్ ఆఫీసుల్లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో వచ్చేదానికన్నా తక్కువ, పనిగంటలు ఎక్కువ, నిర్మాణరంగం మందగిస్తే ముందు పోయేది కొత్తవాళ్ల ఉద్యోగమే. 2009లో నాకూ పోయింది. ఇంటి దగ్గర తీర్చవలసిన అప్పు ఉంటే, ముందు అది తీరే దారి చూసుకొని రెండేళ్ల తర్వాత చదవడం తప్పేమీ కాదు. కానీ ఖాళీగా ఉన్నాను కాబట్టి ఏదో ఒకటి చదువుదామన్నది మీ కారణమైతే, దానికి ఎం.ఆర్క్. చాలా ఖరీదైన కాలక్షేపం. మీ ఉత్తరం చదివితే మీది అలాంటి కారణంలా అనిపించలేదు.

పోర్ట్‌ఫోలియోలో మెరిసే త్రీడీ బొమ్మలు పన్నెండు ఉన్నాయని రాశారు, మూడు ఉంచి తక్కినవి తీసేయండి. వాటి స్థానంలో ఒకే ఒక్క ఇంటిని స్వయంగా కొలిచి గీసిన డ్రాయింగులు పెట్టండి. దసరాకు ఇంటికి వెళ్తున్నారు కదా, చాలాచోట్ల దరఖాస్తు గడువు డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటుంది కాబట్టి సమయం సరిపోతుంది. ముందు రాజమండ్రిలో మీ పాత ఆఫీసుకు వెళ్లి, చేసిన పనికి గంటల లెక్కతో ఉత్తరం, దాని మీద మీ ఆర్కిటెక్టుగారి సంతకం, ఆయన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోండి. విదేశంలో చేసిన పని కూడా అనుభవపు గంటల్లో కొంతమేరకు కలుస్తుంది. తర్వాత ముప్పై మీటర్ల టేపు, పట్టుకోవడానికి ఒక మనిషి, మీ ఊరి పాత వడ్రంగి ఎవరైనా ఉంటే ఆయనను తోడు తీసుకొని, కొలవబోయే ఇంటికి వెళ్లండి. అరుగు ఎత్తుతో మొదలుపెట్టి, గోడ మీద ఏ వరదకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఆ గీతలను కూడా కొలిచి రాసుకోండి. దూలానికీ స్తంభానికీ కలిపే చోటు బొమ్మ గీసేటప్పుడు మాత్రం ఫొటోతో సరిపెట్టుకోకుండా, నిచ్చెన వేయించుకొని ఎక్కి చూడండి.